మోట్లీ క్రూ ‘టూ ఫాస్ట్ ఫర్ లవ్’ మీద ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు చెబుతారు? ఏ వెర్షన్ వినాలి?

ప్రశ్న: అమెరికన్ రాక్ బ్యాండ్ మోట్లీ క్రూ మొదటి ఆల్బమ్ ‘టూ ఫాస్ట్ ఫర్ లవ్’ గురించి అడిగితే ఒకరు వాళ్ళ మొత్తం కెరీర్‌లో అదే బెస్ట్ అంటారు, ఇంకొకరు రేకుడబ్బా సౌండ్ అంటారు. నేను వాళ్ళ తర్వాతి ఆల్బమ్ ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ విని ఇటు వచ్చాను. ఎవరి మాట పట్టించుకోవాలి? ఎలా వినడం మొదలుపెట్టాలి?

జవాబు:

ఇద్దరి మాటా పట్టించుకోండి. చాలాసార్లు వాళ్ళిద్దరూ విన్నది ఒకే రికార్డు కాదు. ఈ ఆల్బమ్ పేరుతో రెండు మిక్స్‌లు (గొంతుకీ వాద్యాలకీ వేసిన తూకాలు) ఉన్నాయి, పాటల వరస వేరు, పాటల లెక్క కూడా వేరు. అందుకని ఎవరైనా అభిప్రాయం చెబితే ముందు అడగాల్సింది ‘నీ దాంట్లో రెండో పాట ఏది?’ అని.

రెండో పాట ‘పబ్లిక్ ఎనిమీ నంబర్ వన్’ అయితే అది 1981 నవంబరులో బ్యాండ్ తమ సొంత లేబుల్ లెదర్ రికార్డ్స్ మీద వేసుకున్న అసలు ఎడిషన్. అందులో పది పాటలు. రెండో పాట ‘కమాన్ అండ్ డాన్స్’ అయితే అది 1982 ఆగస్టులో ఎలెక్ట్రా కంపెనీ విడుదల చేసింది. అందులో తొమ్మిదే. ఎగిరిపోయిన పాట ‘స్టిక్ టు యువర్ గన్స్’. టైటిల్ పాట ఇంట్రో కూడా రెండింట్లో ఒకటి కాదు. మొదటి పాట చూసి మాత్రం ఏమీ తేల్చలేరు, రెండింట్లోనూ ‘లైవ్ వైరే’.

1999లో వచ్చిన సీడీతో కొంచెం జాగ్రత్త. దాని చివర ‘స్టిక్ టు యువర్ గన్స్’, టైటిల్ పాట మరో ఇంట్రోతో, ‘టోస్ట్ ఆఫ్ ది టౌన్’ లాంటివి బోనస్‌గా కలిపారు. అవి కనిపించగానే ‘నాది ఒరిజినల్’ అనుకుంటారు. కాదు. మొదటి తొమ్మిది పాటలూ ఎలెక్ట్రా మిక్సే, మళ్ళీ మాస్టర్ చేశారంతే. స్ట్రీమింగ్‌లో మామూలుగా తగిలేది కూడా ఎలెక్ట్రా మిక్సే. లెదర్ మిక్స్ సీడీలో కావాలంటే 2003లో వచ్చిన ‘మ్యూజిక్ టు క్రాష్ యువర్ కార్ టు’ బాక్స్ సెట్ మొదటి వాల్యూమ్ వెతకండి.

ఇక్కడ ఒక మాట విడమరచాలి. మనకు రీమిక్స్ అంటే పాత ఎన్టీఆర్ పాటకో ఏఎన్నార్ పాటకో కొత్త బీటు వేసి, కొత్త గొంతుతో మళ్ళీ తీయడం. ఇక్కడ ఆ అర్థం కాదు. స్టూడియోలో డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు విడివిడి ట్రాకులుగా టేపు మీద ఉంటాయి. ఏది ఎంత ముందుకు రావాలి, దేనికి ఎంత ఎకో ఉండాలి అని మళ్ళీ తూకం వేయడమే రీమిక్స్. రీమాస్టర్ వేరే సంగతి. అప్పటికే తూకం వేసి పెట్టిన స్టీరియో టేపుకి లౌడ్‌నెస్, టోన్ సరిచేయడం వరకే దాని పని, గిటార్‌ని ఒక్కదాన్నే ముందుకు లాగడం దానితో అయ్యేది కాదు. ‘రీమాస్టర్ విన్నాను, అయినా గొంతు వెనకే ఉంది’ అని విసుక్కునేవాళ్ళు ఈ తేడా పట్టించుకోరు.

లెదర్ ఎడిషన్‌ని బ్యాండే నిర్మించుకుంది. తక్కువ ఖర్చుతో, హడావుడిగా, లాస్ ఏంజెలెస్‌లోని హిట్ సిటీ వెస్ట్ స్టూడియోలో రికార్డు చేశారు. మిక్స్‌లో సౌండ్ ఇంజనీర్ మైకేల్ వాగనర్ చెయ్యి ఉంది. సౌండ్ పొడిగా ఉంటుంది. గిటార్ ముఖం మీదకొస్తుంది, డ్రమ్ముల చుట్టూ గది పెద్దగా వినిపించదు. ఎలెక్ట్రా వాళ్ళు రీమిక్స్‌కి పిలిచింది క్వీన్ బ్యాండ్ రికార్డులు నిర్మించిన రాయ్ థామస్ బేకర్‌ని. ఆయన మిక్స్‌లో అంచులు నునుపెక్కాయి, డ్రమ్స్‌కి గాలి తగిలింది, రేడియోకి పనికొచ్చే ఆకారం వచ్చింది. పంక్ వైపు నుంచి వచ్చినవాళ్ళు మొదటిదానికి ఓటేస్తారు. మీలాగా ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ నుంచి వెనక్కి వచ్చినవాళ్ళకి రెండోది తేలిగ్గా ఎక్కుతుంది. నా ఓటు లెదర్ మిక్స్‌కే, కానీ ‘లైవ్ వైర్’ ఒక్కటి ఎలెక్ట్రాలో వింటాను. ఆ పాట డ్రమ్స్‌కి కాస్త చోటు కావాలి.

ఇక ఎక్కువగా వినిపించే ఫిర్యాదులు.

‘సౌండ్ పలచగా ఉంది’. నిజమే. అయితే దేనితో పోల్చి? ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ 1989లో బాబ్ రాక్ నిర్మించిన రికార్డు, వెనక పెద్ద కంపెనీ, పెద్ద బడ్జెట్. ఆ బరువైన డ్రమ్స్ చెవిలో పెట్టుకుని 1981 రికార్డు మొదలుపెడితే మొదటి ముప్పై సెకన్లలోనే తీర్పు అయిపోతుంది. నేరుగా దూకకండి. మధ్యలో 1983 నాటి ‘షౌట్ ఎట్ ది డెవిల్’ ఒకసారి విని ఆ తర్వాత ఇటు రండి.

‘గొంతు కీచుగా ఉంది, పట్టు తప్పుతోంది’. గాయకుడు విన్స్ నీల్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. ముక్కు కలిసిన పైస్థాయి గొంతు, స్వరాన్ని కింద నుంచి జారుస్తూ అందుకుంటాడు. మన సినిమా పాటలో గొంతు అన్నిటికంటే పైన, శుభ్రంగా, శ్రుతి మీద కూర్చుని ఉంటుంది. ఆ అలవాటు ఉన్న చెవికి ఇది తప్పులాగే తోస్తుంది. ఇక్కడ గొంతుని ఇంకో గిటార్ అనుకుని వినాలి. ‘టేక్ మీ టు ది టాప్’లో ఆ అరుపే పాటను లాగుతుంది. ‘మెర్రీ గో రౌండ్’ నెమ్మది భాగంలో మాత్రం దాచుకోవడానికి చోటు లేదు, అక్కడ తడబాటు బయటపడుతుంది. ఆ విమర్శ న్యాయమైనదే.

‘ఇది మెటల్ కాదు’. ఈ మాట ఐరన్ మెయిడెన్, మెటాలికా అభిమానుల నుంచి వస్తుంది. సగం నిజం. పాటల్లో చాలామటుకు రాసింది బేస్ వాయించే నిక్కీ సిక్స్. ఆయన పెరిగింది స్వీట్, స్లేడ్, చీప్ ట్రిక్ లాంటి బ్యాండ్లు వింటూ. కోరస్ రాగానే చూడండి, మెటల్ పక్కకి తప్పుకుని డెబ్బైల నాటి పాప్ పాట బయటికొస్తుంది. 1999 సీడీ బోనస్‌లో రాస్‌బెర్రీస్ బ్యాండ్ పాట ‘టునైట్’ని వీళ్ళు పాడిన టేకు ఉంది, అది వింటే నేనేమంటున్నానో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. దాని మీద మిక్ మార్స్ గిటార్ మొరటుగా, బ్లూస్ వాసనతో కూర్చుంటుంది. మిగతావాళ్ళు ఇరవైల చుట్టూ ఉంటే ఆయనకి అప్పటికే ముప్పై, వాయింపులో ఆ పదేళ్ళూ వినిపిస్తాయి. పాప్ కోరస్, మొరటు రిఫ్ (పదేపదే తిరిగొచ్చే గిటార్ ముక్క), డ్రమ్స్ వాయించే టామీ లీ తొందర. ఈ మూడూ కలిసిన రికార్డుని కేవలం మెటల్ గజంబద్దతో కొలిస్తే పొట్టిగానే తేలుతుంది.

సాహిత్యం మీద ఫిర్యాదు కూడా ఉంది. ఆడవాళ్ళ గురించి రాసిన తీరు అప్పటి లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ స్ట్రిప్ వీధి క్లబ్బుల మగ గొప్పలే, ‘పీస్ ఆఫ్ యువర్ యాక్షన్’ పేరులోనే తెలిసిపోతుంది. అది నచ్చక పక్కన పెట్టేవాళ్ళతో నాకు వాదన లేదు. ఒక్క ‘ఆన్ విత్ ది షో’ వేరే జాతి. అందులో చచ్చిపోయే ఫ్రాంకీ నిక్కీ సిక్సే. ఆయన పుట్టినప్పటి పేరు ఫ్రాంక్ ఫెరానా, ఆ పేరు వదిలేసి కొత్త పేరు పెట్టుకున్న సంగతినే చావుగా రాసుకున్నాడు. ఇది తెలిశాక పాట బరువు మారుతుంది. హిట్ల జాబితాలో ‘లైవ్ వైర్’ ఉంటుంది గానీ, ఆల్బమ్ మొత్తం విన్నవాళ్ళు తిరిగి తిరిగి దగ్గరకొచ్చేది దీనికీ ‘స్టారీ ఐస్’కీనూ.

వినే పద్ధతి చెబుతాను. అభిప్రాయాలు తేడా రావడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

ముందు ఫోన్‌లో ఈక్వలైజర్, బేస్ బూస్ట్ రెండూ ఆపేయండి. బేస్ పెంచితే ఈ రికార్డులో లేని బేస్ పుట్టుకురాదు, కిక్ డ్రమ్మూ బేస్ గిటారూ కలిసి ముద్దవుతాయి. చిన్న ఇయర్‌ఫోన్స్‌తో లెదర్ మిక్స్ ఎక్కువ సౌండ్‌లో వినొద్దు. మన చెవికి సూక్ష్మంగా పట్టేది సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ ప్రాంతం. గిటార్ కరుకూ, విన్స్ గొంతు పదునూ సరిగ్గా అక్కడే గుద్దుకుంటాయి. పది నిమిషాల్లో చెవి అలసిపోతుంది, నింద ఆల్బమ్ మీద పడుతుంది. మామూలు స్పీకర్లలో, గదిలో వింటే ఆ పదును చాలావరకు తగ్గుతుంది.

రెండు మిక్స్‌లూ పోల్చాలంటే వాల్యూమ్ సమం చేయడం తప్పనిసరి. ఒక డెసిబెల్ ఎక్కువున్నా ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది, ఇది ఎవరి చెవికైనా జరిగే మోసం. కొత్త రీమాస్టర్లు పాతవాటికంటే పెద్ద సౌండ్‌తో ఉంటాయి కాబట్టి పోటీ మొదలవకముందే అవి గెలిచేస్తాయి. ‘లైవ్ వైర్’లో గొంతు, గిటార్, డ్రమ్స్ అన్నీ ఉన్న ఒక చరణం ఎంచుకోండి. రెండు వెర్షన్లలోనూ అదే చరణం వేస్తూ, పెద్దగా ఉన్నదాన్ని తగ్గించి విన్స్ గొంతు సమంగా వచ్చేదాకా సరిచేయండి. అప్పుడు వినాల్సినవి మూడు: స్నేర్ డ్రమ్ దెబ్బ తర్వాత మోత ఎంతసేపు నిలిచింది, గిటార్ గొంతుకి ముందుందా వెనకుందా, పాట మధ్యలో కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట) మోగేచోట చుట్టూ ఎంత ఖాళీ ఉంది. మూడు నాలుగు సార్లు అటూ ఇటూ మార్చాక మీ ఇష్టం మీకే తేలుతుంది.

యూట్యూబ్‌లో ‘ఒరిజినల్ లెదర్ మిక్స్’ అని కనిపించేవాటిలో చాలావాటికి మూలం ఎవరో తమ ఎల్పీ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన కాపీ. అక్కడ రెండు చిక్కులు. టర్న్‌టేబుల్ ఒక శాతం వేగంగా తిరిగితే శ్రుతి సుమారు 17 సెంట్లు పైకి పోతుంది, అంటే అర్ధస్వరంలో ఆరో వంతు. అసలే పైనున్న గొంతు ఇంకా కీచుమంటుంది. ఒకే వెర్షన్ కాపీలు రెండు దొరికితే మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా కాలం చూడండి. 200 సెకన్ల పాటకి రెండు సెకన్లు తేడా ఉంటే ఒక శాతం తప్పినట్టే. లెదర్‌నీ ఎలెక్ట్రానీ ఇలా కొలవొద్దు, ఎడిటింగ్ తేడాలు లెక్క తప్పిస్తాయి.

రెండో చిక్కు, ఎల్పీ లోపలి గాడి. సూది మధ్యకి జరిగేకొద్దీ ఒక్కో చుట్టులో గాడి పొడవు తగ్గుతుంది, పైస్థాయి శబ్దాలు చిరుగుతాయి, ‘స’కారాలు బుసకొడతాయి. లెదర్ ఎడిషన్‌లో మొదటి వైపు చివరి పాట ‘పీస్ ఆఫ్ యువర్ యాక్షన్’, రెండో వైపు చివరిది ‘ఆన్ విత్ ది షో’. సూది అరిగిన ప్లేయర్ నుంచి తీసిన కాపీ విని ‘ఆ రెండూ సరిగ్గా రికార్డు చేయలేదు’ అనేవాళ్ళున్నారు. అరిగింది సూది.

మొదటిసారి వరసగా వినక్కర్లేదు. ‘లైవ్ వైర్’, ‘పీస్ ఆఫ్ యువర్ యాక్షన్’, ‘స్టారీ ఐస్’, ‘ఆన్ విత్ ది షో’, ఈ నాలుగూ ఒక రోజు వినండి. రెండు రోజులు ఆగి మొత్తం వినండి. ఎలెక్ట్రా వెర్షన్ సుమారు 35 నిమిషాలే. ‘కమాన్ అండ్ డాన్స్’ దగ్గర ఓపిక పోతే దాటేయండి, నా లెక్కలో అన్నిటికంటే నీరసమైన పాట అదే. దాన్ని లెదర్ ఎడిషన్‌లో ఎనిమిదో చోట పడేసి ఉంటే, ఎలెక్ట్రా తెచ్చి రెండో చోట పెట్టింది. ‘లైవ్ వైర్’ ఇచ్చిన ఊపు అక్కడే సగం దిగుతుంది. ప్లేలిస్ట్‌లో పాటల్ని లెదర్ వరసలోకి మార్చుకుని ఎలెక్ట్రా మిక్సే వింటే కూడా ఆల్బమ్ బిగువు తెలుస్తుంది.

‘అంత మంచిదైతే అప్పుడే ఎందుకు ఆడలేదు?’ అనీ అడుగుతుంటారు. 1983 మే నెలలో కాలిఫోర్నియాలో జరిగిన యూఎస్ ఫెస్టివల్ హెవీ మెటల్ రోజున వీళ్ళు వాయించారు, ఆ సెప్టెంబరులో ‘షౌట్ ఎట్ ది డెవిల్’ వచ్చింది. ఆ ఆల్బమ్ నచ్చినవాళ్ళు వెనక్కి వచ్చి మొదటిది కొన్నారు. ‘టూ ఫాస్ట్ ఫర్ లవ్’ బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 77 దాకా ఎక్కింది ఆ ఊపుతోనే, తర్వాత అమెరికాలో ప్లాటినం కూడా అయింది. అంటే కొన్నవాళ్ళలో చాలామంది రెండో ఆల్బమ్ చెవితోనే మొదటిది విన్నారు. పలచగా ఉందన్న మాట అంత బలంగా పాతుకుపోవడంలో దీని వాటా ఉంది.

చివరగా ఎల్పీ కొనే ఆలోచన ఉంటే: లెదర్ రికార్డ్స్ ప్రతులకి నకిలీలు ఉన్నాయి. అట్ట ఫొటో చూసి డబ్బు పంపకండి, తోలు ప్యాంటు బొమ్మ రెండు ఎడిషన్ల మీదా ఉంటుంది. అమ్మేవాడిని లేబుల్ ఫొటో, పాటల వరస ఉన్న వెనక అట్ట ఫొటో, గాడులు అయిపోయి లేబుల్ మొదలయ్యేలోపు ఖాళీ వలయంలో చెక్కిన అక్షరాల ఫొటో, మూడూ అడగండి. మూడోది పంపడానికి నసిగితే వదిలేయండి.