నాణెం లేబుల్‌పై అంకె కంటే ముందు అక్షరాలు చూడు

చి. హారికకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్తే మళ్లీ పది ప్రశ్నలు పుడతాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ అంటే నాణేలకు గ్రేడు ఇచ్చి, లేబుల్ వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే కంపెనీలు. డబ్ల్యూ మింట్ మార్క్ (ఏ టంకశాలదో చెప్పే అక్షరం) ఉన్న 2006 సిల్వర్ ఈగల్, అంటే అమెరికా వెండి డాలర్, ఎన్‌జీసీ డబ్బాలో ‘ఎంఎస్ 70’ అనీ, అలాంటిదే ఇంకొకటి పీసీజీఎస్ డబ్బాలో ‘ఎస్పీ 70’ అనీ కనిపించిందన్నావు. ఎస్పీ అంటే ఇంకా స్పెషల్ అని చెప్పి షాపువాడు ఎక్కువ రేటు అడిగాడన్నావు. ఆ రెండూ ఒకటేనమ్మా. రెండూ వెస్ట్ పాయింట్ టంకశాలలో, అదే ఏడు, అదే పద్ధతిలో తయారైనవి. తయారుచేసిన అమెరికా మింట్ దాన్ని ‘అన్‌సర్క్యులేటెడ్’, అంటే వాడకంలోకి వెళ్లనిది, అని అమ్మింది. అచ్చు వెయ్యకముందు వెండి బిళ్లల్ని ప్రత్యేకంగా నునుపు చేస్తారు కాబట్టి బజార్లో ‘బర్నిష్డ్’ అంటారు. మామూలు బులియన్ ఈగల్ (వెండి విలువ కోసం కొనేది) మీద మింట్ మార్క్ ఉండదు, దీనిమీద ఉంటుంది. ఇది మామూలు ముద్రణ కాదు, కలెక్టర్ల కోసం చేసిన స్పెషల్ స్ట్రైక్ అని పీసీజీఎస్ ఎస్పీలో వేసింది. ఎన్‌జీసీ మాత్రం ఎంఎస్‌లోనే ఉంచి, పక్కన బర్నిష్డ్ అని రాస్తుంది. పీసీజీఎస్ వాళ్లే మొదట్లో దీనికి ఎంఎస్ అని ఇచ్చారు, ఆ పాత డబ్బాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. కాబట్టి ఆ అక్షరాల కోసం పైసా కూడా ఎక్కువ ఇవ్వకు.

లేబుల్ మీద అక్షరాలు వేరు, అంకె వేరు. ఇది ముందు బుర్రకెక్కించుకో. నాణెం ఎలా తయారైందో అక్షరాలు చెప్తాయి. తయారయ్యాక ఎంత చెక్కుచెదరకుండా ఉందో అంకె చెప్తుంది. చీర పట్టుదా నూలుదా అన్నది ఒక సంగతి, మడత నలిగిందా లేదా అన్నది ఇంకో సంగతి కదా, అలాగన్నమాట. ఈ 1 నుంచి 70 దాకా ఉన్న కొలత 1949లో డాక్టర్ విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం తయారుచేసింది. వాడకంలోకి వెళ్లని నాణేలకు 60 నుంచి 70. ఎంఎస్ అంటే మింట్ స్టేట్, వాడకంలోకి వెళ్లని మామూలు ముద్రణ. ప్రూఫ్ అంటే కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా అచ్చువేసిన నాణెం. ప్రూఫ్‌ని పీసీజీఎస్ పీఆర్ అనీ, ఎన్‌జీసీ పీఎఫ్ అనీ రాస్తాయి, తేడా ఏమీ లేదు. ఎస్పీ అంటే స్పెసిమెన్, ఈ రెండింటికీ మధ్యలోది.

అక్షరాలు నాణ్యతను చెప్పవు అనడానికి రుజువు కావాలంటే ‘పీఆర్ 55’ అని ఉన్న డబ్బా ఒకటి వెతుకు. సెట్టులోంచి ఎవరో ప్రూఫ్ నాణెం తీసి ఖర్చుపెట్టేశారు, అది నలుగురి జేబుల్లో తిరిగి అరిగింది. అయినా అది ప్రూఫే. ఎంత అరిగినా పుట్టుక మారదు కాబట్టి పీఆర్ పోదు, అంకె ఒక్కటే పడిపోతుంది. అలాగే ఎంత అందంగా మెరిసినా మామూలు నాణెం ప్రూఫ్ కాదు. పాత మోర్గాన్ డాలర్లలో కొన్ని అద్దంలా మెరుస్తాయి. కొత్తగా పాలిష్ పట్టిన అచ్చుతో మొదట్లో పడిన నాణేలవి. వాటికి ఎంఎస్ అంకె పక్కన పీఎల్ (ప్రూఫ్‌లైక్) అని తగిలిస్తారు, మెరుపు ఇంకా లోతుగా ఉంటే పీసీజీఎస్ వాళ్లు డీఎంపీఎల్ (డీప్ మిర్రర్ ప్రూఫ్‌లైక్) అంటారు. ఈబేలో వీటినే ‘ప్రూఫ్’ అని పెట్టి అమ్మేవాళ్లు బోలెడుమంది, జాగ్రత్త.

ప్రూఫ్ అంటే పాలిష్ చేసిన బిళ్ల, పాలిష్ చేసిన అచ్చు, కనీసం రెండు దెబ్బలు. ఇప్పటి ప్రూఫుల్లో నేల (బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా) అద్దంలా, బొమ్మ మంచుపట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఈ తేడా బాగా ఉంటే కామియో, ఇంకా గాఢంగా ఉంటే పీసీజీఎస్‌లో డీప్ కామియో, ఎన్‌జీసీలో అల్ట్రా కామియో. ఇప్పటి ప్రూఫులన్నీ దాదాపుగా అలాంటివే, అందుకని 2010 నాటి ప్రూఫ్ మీద డీప్ కామియో అని చూసి ముచ్చటపడి డబ్బులు పెట్టకు. 1950లు, 60లలో అలా కాదు. అచ్చు మీద ఆ మంచుపొర కొద్ది నాణేలకే అరిగిపోయేది, మొదట పడిన కొన్నింటికే ఆ తెలుపు వచ్చేది. అందుకే 1950ల హాఫ్ డాలర్ మీద ఆ రెండు మాటలుంటే ధర ఎక్కడికో పోతుంది. మాట అదే, విలువ అదే కాదు.

అద్దంలా ఉంటేనే ప్రూఫ్ అనే భ్రమ కూడా వదిలేసుకో. 1909 నుంచి 1916 దాకా లింకన్ సెంట్లలో మ్యాట్ ప్రూఫులు చేశారు. మెరుపే ఉండదు, సన్నటి ఇసుక గరుకులా ఉంటుంది. అప్పటి కలెక్టర్లకే అవి నచ్చలేదు. అంచు చూడాలి వాటికి. మామూలు సెంటు అంచు లోపలివైపు కాస్త గుండ్రంగా జారుతుంది, మ్యాట్ ప్రూఫ్ అంచు కత్తితో కోసినట్టు చదునుగా, పదునుగా నిలబడుతుంది. అంచుతో పాటు ఏ అచ్చుకు ఏ గీత ఉందో పోల్చి చూస్తేగానీ గ్రేడింగ్ కంపెనీలు పీఆర్ వెయ్యవు. ఇలాంటిది నీకు విడిగా, డబ్బా లేకుండా తగిలితే కొనకు. ఇప్పుడే వద్దు.

నువ్వు ఎస్టేట్ సేల్లో కొన్న 1965, 66, 67 సెట్ల దగ్గరికొద్దాం. అప్పట్లో అమెరికాలో చిల్లర కరువొచ్చింది. వెండి ధర పెరగడంతో 1965 చట్టంతో డైమ్‌లు, క్వార్టర్లలో (పది, ఇరవైఐదు సెంట్ల నాణేల్లో) వెండి తీసేశారు, హాఫ్ డాలర్లో నలభై శాతానికి తగ్గించారు. జనమే నాణేలు దాచేస్తున్నారని నాణేల మీద మింట్ మార్కులు కూడా ఎత్తేశారు. ఆ హడావుడిలో ప్రూఫ్ సెట్లు ఆపేసి, వాటి బదులు స్పెషల్ మింట్ సెట్లని శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి నాలుగు డాలర్లకు అమ్మారు. అంతకుముందు ప్రూఫ్ సెట్ రెండు డాలర్ల పది సెంట్లే! మామూలు నాణేల కంటే మేలు, ప్రూఫ్ కంటే తక్కువ. 1965వి ఎక్కువగా సాటిన్ గుడ్డలా మెత్తగా మెరుస్తాయి, 67కి వచ్చేసరికి చాలావరకు ప్రూఫ్‌కి దగ్గరయ్యాయి. వీటినీ పీసీజీఎస్ ఎస్పీ అంటుంది, ఎన్‌జీసీ ఎంఎస్ అంటుంది, రెండింట్లోనూ ఎస్ఎంఎస్ (స్పెషల్ మింట్ సెట్) అన్న మాట ఉంటుంది. ఈ సెట్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. మామూలువాటిని గ్రేడింగ్‌కి పంపితే ఫీజు, పోస్టేజీ కలిపి సెట్టు ధరని మించిపోతాయి. వీటిలో వెతకాల్సింది కామియో ఒక్కటే. కెనడీ తల తెల్లగా, నేల నల్లగా, రెండు వైపులా అలా ఉన్న హాఫ్ డాలర్ కనబడితే పక్కన పెట్టు. ఒకవైపే ఉంటే కుదరదు, రెండువైపులా కావాలి.

ఇదే తరహా ముద్రణతో 1964 తేదీ ఉన్న నాణేలు కూడా కొన్ని ఉన్నాయి. ఎందుకు చేశారో మింట్ కాగితాల్లో దొరకదు. వాటిలో ఒక కెనడీ హాఫ్ డాలర్ 2019లో వేలంలో లక్ష డాలర్లు దాటింది. దాంతో 1964 హాఫ్ డాలర్ ఉన్న ప్రతివాడూ తనది కూడా అదేనని టెన్షన్ పడుతున్నాడు. నీకు ఆ టెన్షన్ అక్కర్లేదు, నీ సెట్లు 65 నుంచి మొదలు.

ఇక కొత్త ఫినిష్‌లు. 2006లో సిల్వర్ ఈగల్‌కి ఇరవై ఏళ్లని మూడు నాణేల సెట్టు తెచ్చారు, అందులో ఫిలడెల్ఫియాలో చేసిన రివర్స్ ప్రూఫ్ ఒకటి. పేరులోనే ఉంది, నేల తెల్లగా, బొమ్మ అద్దంలా. పద్ధతి ప్రూఫ్‌దే కాబట్టి ఇది పీఆర్, పీఎఫ్ కిందకే వస్తుంది. 2013లో వెస్ట్ పాయింట్ ‘ఎన్‌హాన్స్‌డ్ అన్‌సర్క్యులేటెడ్’ తెచ్చింది. ఒకే నాణెం మీద కొన్ని చోట్ల అద్దం, కొన్ని చోట్ల పల్చటి మసక, కొన్ని చోట్ల గాఢమైన మసక. లిబర్టీ చుట్టుకున్న జెండా మీద పక్కపక్క చారలే ఒకటి మెరుస్తూ, ఒకటి మసకగా ఉంటాయి. దీనికి రెండు కంపెనీలూ ఎస్పీయే ఇచ్చాయి. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన పది నాణేల 225వ వార్షికోత్సవ సెట్టుకీ అంతే.

ఇవన్నీ చదివితే రావు, చూస్తేనే వస్తాయి. నా మాట విని 2014 కెనడీ వెండి సెట్టు ఒకటి కొను, మింట్ కవర్లో ఉన్నది. ఒకే బొమ్మ నాలుగు ఫినిష్‌లలో ఉంటుంది. ఫిలడెల్ఫియాది ప్రూఫ్, డెన్వర్‌ది అన్‌సర్క్యులేటెడ్, శాన్‌ఫ్రాన్సిస్కోది ఎన్‌హాన్స్‌డ్, వెస్ట్ పాయింట్‌ది రివర్స్ ప్రూఫ్. గదిలో పెద్దలైటు ఆర్పేసి, టేబుల్ ల్యాంపు ఒక్కటే పెట్టుకుని, నాణేన్ని కాప్సూల్‌తో సహా వాల్చి తిప్పు. ప్రూఫ్ నేల ఒక కోణంలో నల్లగా అయిపోతుంది, అందులో నీ వేలు కనిపిస్తుంది. రివర్స్ ప్రూఫ్‌లో కెనడీ చెంప అలా నల్లబడుతుంది, నేల ఎటు తిప్పినా తెల్లగానే ఉంటుంది. మామూలు అన్‌సర్క్యులేటెడ్‌లో తిప్పేకొద్దీ వెలుగు చక్రంలా తిరుగుతుంది. ఎన్‌హాన్స్‌డ్ గుర్తుపట్టడం వీటికంటే కష్టం, జుట్టు దగ్గరా అక్షరాల దగ్గరా మెరుపు ఎక్కడ మారుతోందో భూతద్దంతో చూడాల్సిందే.

2005 నుంచి 2010 దాకా మింట్ సెట్లలో వచ్చిన నాణేలన్నీ సాటిన్ ఫినిష్‌వి. పీసీజీఎస్ లేబుల్ మీద ఆ మాటే రాస్తుంది. ఆ ఏళ్ల క్వార్టర్ చిల్లరలో దొరికితే మామూలు ముద్రణ, సెట్టులోంచి తీస్తే సాటిన్, మింట్ మార్క్ మాత్రం ఒకటే. వాటికి పెద్దగా గిరాకీ లేదు, వదిలెయ్.

లేబుల్ మీద ఫినిష్‌తో సంబంధం లేని మాటలు కూడా ఉంటాయి. పీసీజీఎస్ వాళ్ల ‘ఫస్ట్ స్ట్రైక్’, ఎన్‌జీసీ వాళ్ల ‘ఎర్లీ రిలీజెస్’ లాంటివి. అమ్మకం మొదలైన నెలరోజుల్లోపు తమకు అందిందనో, సీలుతో ఉన్న పెట్టె మీది తేదీ అలా ఉందనో మాత్రమే దాని అర్థం. అచ్చు మీద మొదట పడిన నాణెం అని కాదు. నా మటుకు నాకు ఇది డబ్బు గుంజే వేషం. ఇక 69కి 70కి తేడా కూడా అంతే. ఎన్‌జీసీ లెక్కలో 70 అంటే అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా, తయారయ్యాక వచ్చిన లోపం కనబడకూడదు. మామూలు కంటికి ఆ రెండూ ఒకటే, ధరలో మాత్రం ఒక్కోసారి రెట్టింపు తేడా. నేను 69లే కొంటాను.

గ్రేడింగ్‌కి పంపేటప్పుడు ఫారంలో ఏడు, మింట్ మార్క్, ఫినిష్ మూడూ స్పష్టంగా రాయి. ‘సిల్వర్ ఈగల్ 2013’ అని రాసి ఊరుకుంటే ప్రూఫా, రివర్స్ ప్రూఫా, ఎన్‌హాన్స్‌డా? వాళ్లు చూసి సరిచేస్తారు గానీ అప్పుడప్పుడు లేబుల్‌లో తప్పు పడుతుంది. దాన్ని మెకానికల్ ఎర్రర్ అంటారు, వెనక్కి పంపితే మార్చి ఇస్తారు. అందుకే డబ్బా తిరిగి రాగానే అంకె చూసి సంబరపడకుండా ముందు అక్షరాలు చూడు. ఫలానా యానివర్సరీ సెట్టులోది అని లేబుల్ మీద రావాలంటే మింట్ పెట్టె సీలు విప్పకుండా పంపాల్సి వస్తుంది, కాబట్టి దేన్నీ ఆత్రపడి విప్పకు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, ఆ పీవీసీ పచ్చటి జిగురులా నాణేనికి పట్టుకుంటుంది, మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) కవర్లు కొను. గుడ్డ పెట్టి తుడవడం మాత్రం చచ్చినా వద్దు. ప్రూఫ్ మీద ఒక్కసారి తుడిస్తే వెంట్రుకల్లాంటి గీతలు పడి, అంకె బదులు ‘డీటెయిల్స్’, అంటే పాడైన నాణెం, అని వస్తుంది.

బావగారి దగ్గర ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం ఉంది కదా, 2023లో రాష్ట్రపతి విడుదల చేసింది, హైదరాబాద్ మింట్‌లో తయారైంది. అది ప్రూఫ్‌గానూ, యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్)గానూ అమ్మారు. ఆయనది ఏదో పెట్టె మీద చూసి చెప్పమను, ఆ పెట్టె పారెయ్యొద్దని కూడా చెప్పు. అందులో సగమే వెండి, రాగి నలభై శాతం, కాబట్టి రంగు మారుతుంది, కాప్సూల్ తియ్యొద్దు. మీ తాతగారి డబ్బాలో 1969 గాంధీ నాణేలుంటే తేదీ కింద చూడు. బొంబాయి మింట్ మామూలు వాటికి వజ్రం గుర్తు, ప్రూఫ్‌లకు బీ అక్షరం వేసేది, తర్వాత బీ పోయి ఎమ్ వచ్చింది. మన దేశం నాణేలనీ ఈ రెండు కంపెనీలూ తీసుకుంటాయి.

ఇప్పటికి నీ దగ్గరున్నవాటిలో 67 హాఫ్ డాలర్ ఒక్కటే పంపదగ్గదేమో అనిపిస్తోంది. ల్యాంపు కింద రెండువైపులా వాల్చి ఫోటోలు తీసి పంపు, ఫ్లాష్ వెయ్యకు. చూసి చెప్తాను.

మీ మామయ్య
ఎడిసన్, న్యూజెర్సీ