ఎండోస్కోపీలో హెచ్ పైలోరీ వచ్చింది, ఇది క్యాన్సర్ అవుతుందా?

కడుపులో మంటని హన్మకొండలో ఎండోస్కోపీ చేయిస్తే హెచ్ పైలోరీ అనే కడుపు బ్యాక్టీరియా పాజిటివ్ వచ్చిందన్నారు. రెండు వారాల మందులు వాడాలా, పెరుగుతోనో ప్రోబయోటిక్ గోలీలతోనో పోదా అని అడిగారు. అన్నా, మందులే వాడండి, కోర్సు మొత్తం. మా ఇంట్లో దీన్ని దగ్గరి నుంచి చూశాం కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా బాపుకు ఏళ్ల తరబడి మంట. పరకాల వైపు మా ఊళ్లో అందరిదీ ఒకటే అలవాటు, మెడికల్ షాపులో గ్యాస్ గోలీ తెచ్చుకుని పరగడుపున వేసుకోవడం. ఆ గోలీ యాసిడ్‌ను తగ్గిస్తుంది, మంట పోతుంది, బ్యాక్టీరియా మాత్రం కడుపు లోపలి జిగురు పొరలో అలాగే ఉంటుంది. చివరికి నాలుగు బుక్కలకే కడుపు నిండిందనడం, బరువు తగ్గడం, మలం తారులా నల్లగా రావడం మొదలైంది. కడుపు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌లో కడుపు చాలా వరకు తీసేశారు. ఇప్పుడు అమ్మ జొన్న గట్క పలుచగా చేసి, చిన్న గిన్నెలో కొంచెం కొంచెం పెడుతుంది.

ఈ బ్యాక్టీరియాను ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు 1982లో పట్టుకున్నారు. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. అయితే ఇది ఉన్నవాళ్లలో చాలా మందికి క్యాన్సర్ రాదు, టెన్షన్ వద్దు. ఏళ్ల తరబడి వాపు ఉండి, కడుపు పొర పలుచబడి, పేగు పొరలా మారిన కొద్దిమందిలోనే అది క్యాన్సర్ వైపు వెళ్తుంది. ముందే మందులు వాడితే ఆ ముప్పు తగ్గుతుంది. అమ్మానాన్నలకో తోడబుట్టినవాళ్లకో కడుపు క్యాన్సర్ ఉంటే ఈ మాట ఇంకా ముఖ్యం. అందుకే బాపు తర్వాత డాక్టర్ మా అన్నదమ్ములందరికీ టెస్ట్ రాశారు. నాకూ పాజిటివే.

కోర్సు కష్టమే. నోరంతా చేదు, చాయ్ కూడా ఇనుము రుచి, మోషన్లు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. సగంలో ఆపితే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకపోవచ్చు, రెండోసారి ఇంకా కష్టం. మీ మందుల్లో బిస్మత్ ఉంటే మలం నల్లగా వస్తుంది, అది మందు రంగే. మెట్రోనిడజోల్ ఉంటే దావత్‌లో తాగే లిక్కర్, కల్లు రెండూ బంద్. ప్రోబయోటిక్‌తో మోషన్లు కొంత తగ్గవచ్చు గానీ హెచ్ పైలోరీ పోదు.

మంట తగ్గింది కదా అని వదిలేయకండి. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, గ్యాస్ గోలీ రెండు వారాల ముందు ఆపి, శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించండి. గోలీ వేసుకుంటూ చేయిస్తే క్రిమి ఉన్నా లేదని రావచ్చు.

ఇదంతా కడుపు గురించి, పెద్దపేగు సంగతి వేరు. అక్కడి క్యాన్సర్ గడ్డల్లో ఫ్యూజోబ్యాక్టీరియం అనే నోటి బ్యాక్టీరియా కనిపిస్తోంది, దాని పాత్ర మీద పరిశోధన నడుస్తోంది. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరల్లోని పీచును మంచి బ్యాక్టీరియా బ్యూటిరేట్ అనే పదార్థంగా మార్చి పేగు కణాలకు ఆహారంగా ఇస్తుంది, కాబట్టి ఆ తిండి మానకండి. ఆన్‌లైన్‌లో అమ్మే పేగు బ్యాక్టీరియా టెస్టులకు డబ్బు పెట్టకండి, క్యాన్సర్ ఉందో లేదో అవి చెప్పలేవు. మలంలో రక్తం పడితే మొలలే అనుకోకుండా డాక్టరుకు చూపించండి.

మీ బయాప్సీ (ఎండోస్కోపీలో తీసిన ముక్క పరీక్ష) రిపోర్టులో ఇంటెస్టినల్ మెటాప్లాసియా, అంటే కడుపు పొర పేగు పొరలా మారడం, అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే మళ్లీ ఎండోస్కోపీ అవసరమా, ఎప్పుడు అని డాక్టర్‌ను మీరే అడగండి.