రెండు భాషలు కలిపేసి మాట్లాడేవాళ్లను ద్విభాషులు అనొచ్చా?

ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడతాను, రెండూ కలిసిపోతుంటాయి, దేని మీదా పూర్తి పట్టు లేదు, నన్ను ద్విభాషి అంటారా అని అడిగారు. అంటారు. ఎందుకో చెప్పాలంటే మా అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన సంగతి చెప్పాలి.

డాక్టరుకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. పదిహేనేళ్లుగా ఇంగ్లీషులోనే ఉద్యోగం చేస్తున్నాను, ఇదెంత పని అనుకున్నాను. "నడుం దగ్గర పోటు. తొడ దాకా లాగేస్తుంది. రాత్రయితే పిక్కలు పీకుతాయి, పాదం తిమ్మిరెక్కుతుంది" అంది అమ్మ. నేను ఆయనకు చెప్పిందేమిటంటే, నడుంలో పెయిన్, తొడలో పెయిన్, పిక్కల్లో పెయిన్. తిమ్మిరికి మాట తట్టక వదిలేశాను. తను అంతసేపు చెబితే నాది ఒక్క ముక్కలో అయిపోయేసరికి "అన్నీ చెప్పావా?" అని అమ్మ నా మొహంలోకి చూసింది. డాక్టరే "నంబ్‌గా ఉంటుందా?" అని అడిగాక గానీ ఆ మాట గుర్తు రాలేదు. తెలియని మాటేం కాదు. ఒంటి బాధల గురించి ఇంగ్లీషులో మాట్లాడే అవసరం అప్పటిదాకా పడలేదు, అంతే. అలాగని తెలుగు బ్రహ్మాండంగా వచ్చని కాదు. ఆఫీసులో నేనేం చేస్తానో అచ్చ తెలుగులో చెప్పమనండి, రెండో వాక్యానికే తడుముకుంటాను.

నాలో ఉన్న రెండు భాషలూ పనులు పంచుకున్నాయన్నమాట. 1933లో అమెరికన్ భాషా శాస్త్రవేత్త లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్, రెండు భాషల మీదా పుట్టుకతో వచ్చిన భాష మీద ఉన్నంత పట్టు ఉండటమే ద్విభాషిత్వం అన్నాడు. ఆ లెక్కన మీరూ నేనూ ఫెయిల్. ద్విభాషుల మీద పరిశోధన చేసిన ఫ్రాన్స్వా గ్రోజాన్ 1989లో దీన్ని తిరగేశాడు. ద్విభాషి అంటే ఒకే మనిషిలో ఉన్న ఇద్దరు ఏకభాషులు కాదన్నాడు. రోజూ రెండు భాషలు అవసరపడి వాడుకునేవాళ్లందరూ ఆయన దృష్టిలో ద్విభాషులే. నా ఓటు ఈయనకే.

ఇక కలిపేయడం. దాన్ని తప్పులా చూడకండి, అందులో వ్యాకరణం ఉంది. "కాల్ కట్ చేశాను" అంటాం, "కాల్ కట్ అయింది" అంటాం. మొదటిది కావాలని చేసింది, రెండోది దానంతటదే జరిగింది. కట్ అనే ఇంగ్లీషు మాటకు ఎక్కడ చేయడం తగిలించాలో, ఎక్కడ అవడం తగిలించాలో మనకు ఏ బడిలోనూ చెప్పలేదు. అయినా ఎవరూ తప్పరు. మాట అరువుది, నడిపేది తెలుగు. షానా పోప్లాక్ అనే పరిశోధకురాలు న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్ల స్పానిష్, ఇంగ్లీషు మాటలు పరిశీలించి 1980లో ఒక వ్యాసం రాసింది. ఒకే వాక్యం మధ్యలో భాష మార్చడం రెండూ బాగా వచ్చినవాళ్లలోనే ఎక్కువగా కనిపించిందట. రాక కలుపుతున్నారు అనే మాటకు అక్కడే చెల్లు.

అన్నిసార్లూ మాట దొరక్కే భాష మారుస్తామనుకోకండి. నా టీంలోకి కొత్తగా ఒకావిడ వచ్చింది, తెలుగావిడే. నాకన్నా చిన్నదో పెద్దదో తెలియదు. నువ్వు అంటే ఏమనుకుంటుందో, మీరు అంటే మరీ దూరం పెట్టినట్టుంటుందేమో. నెల రోజులు ఇంగ్లీషులోనే లాగించాను, అక్కడ యూ ఒక్కటే కదా. ఒకరోజు ఆవిడే "మీరు టీ తాగారా?" అంది. నాకు టెన్షన్ పోయింది. ఆవిడ కూడా నెల రోజులుగా అదే తంటా పడుతోందని తర్వాత తెలిసింది.

ఇంగ్లీషుకు తెలుగు చేసే సాయమూ ఉంది. మేము, మనం అనే తేడా ఇంగ్లీషు "వీ" అనే మాటలో లేదు. మీటింగులో ఎవరైనా "వీ విల్ డూ ఇట్" అంటే, అందులో నేనున్నానా లేదా అని పక్కనున్న తెలుగువాడిని మెల్లిగా "మనమా, వాళ్లా?" అని అడుగుతుంటాను.

అమ్మను రెండోసారి తీసుకెళ్లేటప్పుడు ముందే కూర్చుని ఒక్కో బాధకీ ఇంగ్లీషు మాట రాసుకున్నాను. పోటుకి దొరికింది, తిమ్మిరికి ఎలాగూ ఉంది. పిక్కలు పీకడానికి మాత్రం సరిగ్గా సరిపోయేది తట్టలేదు. డాక్టరు ముందు నా పిక్క పట్టుకుని పిండి చూపించాను.