ఏఏ మీటింగ్‌కి తమ్ముణ్ణి ఎలా తీసుకెళ్లాలి? - సమాధానం

తమ్ముడు మందు మానేస్తానంటున్నాడు గానీ, మీటింగ్‌లో తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని జంకుతున్నాడని రాశారు కదండీ. కనిపిస్తే మాత్రం ఏం, వాళ్లూ అదే పని మీద వచ్చుంటారు! ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం. అక్కడ ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. విరాళం కోసం సంచి తిప్పుతారు, వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడటానికి మొహమాటమైతే ‘ఈ రోజుకి వింటానండీ’ అంటే సరిపోతుంది.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీ దగ్గర్లోని మీటింగ్‌లు వెతకండి. చోటు, టైము మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి. మీరూ తోడు వెళ్లాలంటే ‘ఓపెన్ మీటింగ్’ ఎప్పుడని అడగండి. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఇంట్లోవాళ్ల కోసం విడిగా అల్-అనాన్ ఉంది, మీ టెన్షన్ చూస్తే మీకూ అవసరమే అనిపిస్తోంది.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రోజూ బాగా తాగే మనిషి డాక్టరుకి చూపించుకోకుండా ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పినట్టు మాట్లాడటం రావచ్చు, ప్రాణం మీదకే వస్తుంది. మీటింగ్‌లో మందులివ్వరు. ముందు హైదరాబాద్ ఎర్రగడ్డలోనో, విశాఖ మానసిక ఆసుపత్రిలోనో, మీ జిల్లా ఆసుపత్రిలోనో చూపించండి. మత్తు అలవాట్లు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు, ఖర్చుండదు.