రాని జీతాన్ని చూసుకుని అప్పు చేయకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో గుమాస్తాగా చేస్తాను, నెలకు 22 వేలు. మా ఆవిడ కుట్టుపనితో 6 వేల దాకా తెస్తుంది. ఇంటి ఖర్చు కిరాయితో కలిపి 21 వేలు. మా అబ్బాయి 2024లో బీటెక్ పూర్తిచేశాడు, ఇంకా ఉద్యోగం లేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 2.5 లక్షలు కడితే మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చి 3.6 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. 10 వేలు కట్టాం. పోస్టాఫీసులో 80 వేలున్నాయి. అందులో 70 వేలు తీసి, మిగతా 1.7 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తేవాలనుకుంటున్నాం. వాడి జీతంతో ఏడాదిలో తీరుతుంది కదా? లేదంటే అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పంపమంటారా? ఇంట్లో ఐదు తులాల బంగారం కూడా ఉంది.

జవాబు: ఏడాదిలో తీరదు. ముందు ఈ లెక్క చూడండి.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 1.7 లక్షల మీద నెలకు 5,100 రూపాయలు వడ్డీకే పోతాయి. ఇక 3.6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 30 వేలు చేతికి వస్తాయనుకోకండి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ అన్నీ ఆ అంకెలోనే ఉంటాయి. చేతికి వచ్చేది 25, 26 వేలు. హాస్టల్, బస్సు, ఫోను, పైఖర్చులు పోను అబ్బాయి పొదుపుగా ఉంటే 12 వేలు పంపగలడు. మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి 19 నెలలు పడుతుంది. అదీ డబ్బు కట్టిన మర్నాడే ఉద్యోగంలో చేరితే. ఆరు నెలలు ఆలస్యమైతే ఆగిన వడ్డీ 30,600 కలిసి 24 నెలలవుతుంది. పైగా బయటి అప్పు బ్యాంకు కిస్తీలాగా నెలనెలా తగ్గదు. ఇచ్చినవాళ్లు వడ్డీ నెలనెలా తీసుకుని అసలు ఒక్కసారే అడుగుతారు. 1.7 లక్షలు ఒకేసారి కూడేదాకా ఆ 5,100 పోతూనే ఉంటాయి.

మీలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. పేర్లు, ఊళ్లు మారతాయి కానీ తప్పు ఒక్కటే. ఇంకా రాని జీతం మీద అప్పు చేస్తారు, చేతిలో ఉన్న ఆపద సొమ్మును ఫీజుగా కట్టేస్తారు. నన్నడిగితే అప్పుకన్నా ఈ రెండోదే పెద్ద తప్పు. ఆ 70 వేలు తీశాక ఇంట్లో మిగిలేది 10 వేలు, అంటే మీ ఇంటికి పదిహేను రోజుల ఖర్చు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు సరిగా రాని ఏడు మిల్లులో పని ఎలా పడిపోతుందో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆ సమయంలో ఇంట్లో ఒకరు మంచాన పడితే మళ్లీ అదే మూడు రూపాయల వడ్డీకి రెండో అప్పు చేయాల్సి వస్తుంది. సంసారాలు అప్పుల్లో మునిగేది మొదటి అప్పుతో కాదు, ఈ రెండో అప్పుతోనే.

మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 1,26,000 రూపాయలు, ఎవరూ ముట్టుకోని సొమ్ముగా ఉండాలి. ఇప్పుడున్నది 80 వేలు, ఇంకా 46 వేలు తక్కువ. మీకు నెలకు 7 వేలు మిగులుతోంది. అందులో 4 వేలు దీనికే వేయండి, ఏడాదిలోపు నిండుతుంది. ఓ 30 వేలు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎప్పుడైనా తీసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, మీ ఇద్దరి పేరు మీదా ఉంచండి. చిట్టీలో వేయకండి, ఎత్తుకునే రోజు మీ చేతిలో ఉండదు. ఎవరికీ చేబదులు ఇవ్వకండి. ఈ సొమ్ము కోర్సు ఫీజుకు కాదు, బైకుకు కాదు, పెళ్లి కట్నకానుకలకు అంతకన్నా కాదు.

ఇక ఆ కన్సల్టెన్సీ సంగతి. ఉద్యోగమిచ్చే కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. మీ 10 వేల రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో ఉద్యోగం మాట ఉండదు, ‘ట్రైనింగ్ ఫీజు’ అని ఉంటుంది. రేపు గొడవైతే ట్రైనింగ్ ఇచ్చాం కదా అంటారు. ఇలాంటివాళ్లలో చాలామంది చేసేది రెండు మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతిలో పెట్టి ఇంటర్వ్యూకు పంపడం. చేరిన కొన్ని నెలలకు కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తుంది. పీఎఫ్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీ చూస్తే చాలు, లెటర్‌లో ఉన్న కంపెనీ అక్కడ కనిపించదు. ఆ రోజే బయటికి పంపుతారు, రిలీవింగ్ లెటర్ కూడా ఇవ్వరు. ఉద్యోగం పోతుంది, అప్పు అలాగే ఉంటుంది, తర్వాతి ఇంటర్వ్యూలో ఆ నెలల గురించి ఏం చెప్పాలో తెలియదు. ఇంకొందరు చిన్న కంపెనీ పేరుతో తామే చేర్చుకుని, మీరు కట్టిన డబ్బులోంచే మూడు నెలలు జీతం వేసి, ప్రాజెక్టు అయిపోయిందని పంపేస్తారు. ‘ముందు సగం, ఆఫర్ లెటర్ వచ్చాక సగం’ అన్నా నమ్మకండి. ఆఫర్ లెటర్ ఒక కాగితం మాత్రమే, అది ఎవరైనా కొట్టి ఇవ్వగలరు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి. మిగతా ఫీజు కట్టలేదని ఆ చెక్కు బ్యాంకులో వేసి, ఖాతాలో డబ్బు లేకపోతే, సంతకం పెట్టినవాళ్ల మీద చెక్ బౌన్స్ కేసు పడుతుంది. 10 వేలు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే పోయాయనుకోండి. 10 వేల కోసం ఇంకో 2.4 లక్షలు పోగొట్టుకోకండి.

గ్రూప్స్ మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ అందరూ ఏడాది ఖర్చే లెక్క వేస్తారు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022, 2023ల్లో రెండుసార్లు రాసి, రెండుసార్లూ రద్దయి, 2024 జూన్‌లో మళ్లీ రాశారు. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి చదివినవాళ్లు ఆ నెలలన్నిటికీ కిరాయి కట్టారు. మీ మిగులు అన్నాళ్లు సరిపోదు. రాయాలని ఉంటే ఇంట్లో ఉండి చదవమనండి. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో ఉచిత కోచింగ్‌కు అర్హత ఉంటే దరఖాస్తు పెట్టించండి.

మరి అబ్బాయి ఏం చేయాలి? చాలా కంపెనీలు ఫ్రెషర్లుగా పాసై ఒకటి రెండేళ్లయిన వాళ్లనే తీసుకుంటాయి, కాబట్టి ఖాళీగా ఉండే నెలలు తగ్గించాలి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోమనండి. 2019 నిబంధనల్లోనే డిగ్రీ చదివినవాళ్లకు నెలకు కనీసం 9 వేల స్టైపెండ్ పెట్టారు, ఏడాది తర్వాత వచ్చే సర్టిఫికెట్ నిజమైన అనుభవం, ఏ వెరిఫికేషన్‌లోనైనా నిలబడుతుంది. యువతకు నైపుణ్యాలు నేర్పే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టాస్క్ శిక్షణలు ఉన్నాయి, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు (ఎన్‌పీటీఈఎల్) ఉచితం. నేర్చుకునేది ఒక్కటే పట్టుకోవాలి. నెలకో కోర్సు మారిస్తే ఇంటర్వ్యూలో ఏదీ చెప్పలేరు. మీ మిగులులో మిగతా 3 వేలు వాడి ఇంటర్నెట్, పరీక్ష ఫీజులు, ఇంటర్వ్యూ రోజు రైలు టికెట్లకు సరిపోతాయి. ఆఫర్ రాకముందే హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకోవద్దు.

ఎవరూ లెక్కలో వేసుకోని ఖర్చు ఇంకొకటుంది. ఉద్యోగం వచ్చాక మొదటి జీతం దాకా గడవాలి. నెల 20 దాటాక చేరితే చాలాచోట్ల ఆ రోజుల జీతం తర్వాతి నెలతో కలిపి ఇస్తారు, అంటే దాదాపు 40 రోజులు. హాస్టల్ అడ్వాన్సు, తిండి, రెండు జతల బట్టలు కలిపి 20 నుంచి 25 వేలవుతాయి. అబ్బాయికి స్టైపెండ్ మొదలైన నెల నుంచే అందులోంచి 3 వేలు వాడి ఖాతాలోనే దీనికోసం పక్కన పెట్టించండి.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, మీ వయసు 50 లోపైతే ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) బ్యాంకులో ఈ నెలే రాయించుకోండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది. బంగారం అమ్మకండి. నిజంగా ఆపదొచ్చి, మీ ఆపద సొమ్ము చాలకపోతే బ్యాంకులో కుదువ పెట్టండి, వడ్డీ నూటికి రూపాయి లోపే ఉంటుంది. బీరువాలో ఐదు తులాలు పెట్టుకుని మూడు రూపాయల వడ్డీకి ఎవరి గడపా ఎక్కవద్దు.

రేపే వెళ్లి మీ ఇద్దరి పేరు మీద జాయింట్ ఖాతా తెరిచి, పోస్టాఫీసులో ఉన్న ఆ 80 వేలు అందులోకి మార్చుకోండి. కన్సల్టెన్సీ నుంచి ఫోనొస్తే అబ్బాయిని మాట్లాడనివ్వకండి, మీరే మాట్లాడండి.