పోర్ట్ బ్లెయిర్‌కి కూలర్ తీసుకెళ్లకండి
హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) బదిలీ అయింది, అక్కడ ఎండ 31 డిగ్రీలే కదా, కూలర్ సరిపోతుందా అని అడిగారు. వద్దండీ. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. మన మే నెల పొడిగాలికి అది బ్రహ్మాండం. అండమాన్‌లో చుట్టూ సముద్రమే, గాలిలో తేమ దాదాపు 80 శాతం. వానల్లో ఆరేసిన తువ్వాలు రెండో రోజుకీ చెమ్మగానే ఉంటుంది, ఇక కూలర్ గాలికి ఒళ్లంతా జిగటే. ఫ్యాన్లు, కుదిరితే ఏసీ పెట్టించుకోండి.

స్వెటర్లు ఇక్కడే వదిలేయండి. సముద్రానికి దూరంగా దక్కన్ పీఠభూమి మీద ఉన్నాం కాబట్టే మనకు డిసెంబరు రాత్రుల వణుకు, మేలో 40 దాటే ఎండ. అక్కడ ఏడాదంతా దాదాపు 23-31 మధ్యే. వాన మాత్రం మనకంటే మూడు రెట్లు పైనే, మే నుంచి డిసెంబరు దాకా. సామాను జనవరి-ఏప్రిల్ మధ్య చేరేలా చూసుకోండి. అన్నట్టు, డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది.