హెడ్ స్టాక్ లోపల రంగు వేసే ముందు

నాన్నా రవీ,

పెదనాన్న ఆశీస్సులు. లేత్ దిగిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాజ్‌కోట్ తయారీ, ఆరడుగుల బెడ్, ఆల్ గేర్డ్, బాలానగర్‌లో సెకండ్ హ్యాండ్‌కి పట్టావట. ఇన్నాళ్లూ ఒకరి మిషన్ మీద పనిచేసినవాడివి, ఇక నీ పేరున ఒక మిషన్ ఉంది. చాలా సంతోషమైందిరా. అంతలోనే "ఆయుధపూజ లోపల హెడ్ స్టాక్ కడిగి, లోపలంతా రంగు వేసేస్తాడట" అంది. అది విన్నప్పటినుంచి మనసు మనసులో లేదు.

స్పిండిల్, గేర్లు ఉండే ఆ పెట్టె లోపల రంగు అందానికి కాదు. పోత పోసినప్పుడు అచ్చులోని ఇసుక గోడలకు అక్కడక్కడా అంటుకునే ఉంటుంది. ఎంత చెక్కినా మూలల్లో కొంత మిగులుతుంది. అది నూనెలోకి రాలకుండా రంగు కింద బంధించేస్తారు. లేత రంగైతే మురికి, రజను కూడా కంటికి కనబడతాయి. అంతకుమించి దానికి పనేం లేదు. కాబట్టి పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే దాని జోలికి వెళ్లకు. పసుపెక్కినా, మరకలున్నా ఫర్వాలేదు. ప్లాస్టిక్ ముక్కతో గట్టిగా గీకి చూడు, ఊడిన చోటే నీ పని.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఆ హెడ్ స్టాక్‌లో నూనె ఎలా తిరుగుతుందో చూడు. చిన్న లేత్‌లు చాలావాటికి పంపూ ఉండదు, ఫిల్టరూ ఉండదు. కింది గేర్లు నూనెలో మునిగి పైకి చిమ్ముతాయి. ఆ నూనె గోడల మీద, మూత అడుగున పడి, బేరింగ్ పైనున్న చిన్న తొట్టిలోకి జారి, అక్కడి బెజ్జం గుండా బేరింగ్‌లోకి దిగుతుంది. మధ్యలో వడకట్టేదేమీ లేదు. కందిబద్దంత రంగు పెచ్చు ఆ బెజ్జం మీద కూర్చుంటే ముందు బేరింగ్‌కి నూనె బంద్. గేజ్‌లో మట్టం మాత్రం నిండుగానే కనబడుతూ ఉంటుంది.

విప్పే ముందు ఒక 15 నిమిషాలు మిషన్ నడిపి, నూనె వేడిగా ఉండగానే దింపు. తర్వాత మెయిన్ ఆపి ఫ్యూజు తీసి జేబులో వేసుకో. దింపిన నూనెను పాత పంచె గుడ్డలో వడకట్టి, అడుగున అయస్కాంతం తిప్పు. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపుంటే ఏదో గన్‌మెటల్ బుష్ అరుగుతోందని అర్థం. ఇనప పెచ్చులుంటే గేరు పళ్లూ బేరింగులూ చూడాలి. ప్రతి షాఫ్టు తీసే ముందు ఫోటో తీయి. ఒక్కో షాఫ్టు సామాను, గేర్లను పట్టి ఉంచే కీలు, సర్‌క్లిప్పులు, వాషర్లతో సహా ఒక్కో ట్రేలో పెట్టు.

చక్ బిగించే ప్రధాన షాఫ్టు, ఆ స్పిండిల్ మాత్రం కదపకు. చప్పుడు లేక, డయల్ పెట్టి చూస్తే ఆట లేకుండా ఉంటే దాన్ని బయటికి లాగడం తెలివితక్కువ పని. మళ్లీ బిగించేటప్పుడు బేరింగ్ ప్రీలోడ్, అంటే దాని బిగువు, కుదర్చడం వేరే పెద్ద పని. స్పిండిల్ దాని చోట ఉండగా, రెండు బేరింగులకీ శుభ్రమైన గ్రీజు దట్టించి పైన ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేసెయ్. కిరోసిన్ బ్రష్ ఆ దరిదాపులకు రాకూడదు. మురికి కలిసిన కిరోసిన్ రోలర్ల మధ్యకు దిగితే తీయడం నీ వల్ల కాదు. కంప్రెసర్ గాలీ వద్దు. గాలి మురికిని బయటికి ఊదదు, లోపలికి దూర్చుతుంది.

బురదలా పేరుకున్నదాన్ని చెక్క గరిటెతో తీసి, కిరోసిన్, పెయింట్ బ్రష్‌తో కడుగు. కాటన్ వేస్ట్ ముట్టుకోకు. ఒక్క పోగు ఊడి నూనె బెజ్జంలో చుట్టుకుంటే రంగు పెచ్చు చేసే పనే అదీ చేస్తుంది. ఉతికిన బనియన్ గుడ్డలు వాడు. డ్రిల్లుకు వైర్ వీల్ తగిలించకు, తీగలు తెగి మూలల్లో దాక్కుంటాయి. ఎమరీ, అంట్లు తోమే ఆకుపచ్చ పీచు, రెండూ వద్దు. ఆ పీచులో ఉండేదీ రాపిడి పొడే. శాండ్ బ్లాస్టింగ్ మాట ఎవడైనా ఎత్తితే దండం పెట్టి పంపించెయ్. ఊడే రంగును స్క్రేపర్‌తో, కిరోసిన్ తడి మీదే గీకు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, దుమ్ము లేపకూడదు. చంటిదాన్ని షెడ్డులోకి తేకు. ఆ బట్టలతో ఎత్తుకోకు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. దసరా ముందు షెడ్డుల్లో జరిగే తప్పు ఒకటుంది, ఎంతో కాలంగా జరుగుతూనే ఉంది. పూజకి రెండు రోజులుందనగా మూత తీస్తారు. కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడుస్తారు. చూడ్డానికి ఇనుము నల్లగా, పొడిగా, ముద్దుగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఎనామిల్ కొట్టేస్తారు. మర్నాడు నూనె పోసి, మూత పెట్టి, బొట్లు పెట్టేస్తారు. ఆ రోజు చూస్తే కొత్త మిషనే. సంక్రాంతికి మూత తీస్తే రంగు ఉల్లిపొరల్లా లేచి ఉంటుంది. కొన్ని పొరలు అడుగున, కొన్ని గేర్ల మధ్య, కొన్ని తొట్టిలో.

ఎందుకంటావా? పోత ఇనుము నూనె తాగుతుంది. ఏళ్ల తరబడి తాగిన నూనె కిరోసిన్ తుడుపుకి పోదు. పైగా కిరోసిన్ కూడా తన జిడ్డు పొర వదిలిపోతుంది. పైన రంగు ఆరినట్టే ఉంటుంది, అడుగున పట్టు ఉండదు. మిషన్ వేడెక్కగానే ఇనుములోని నూనె ఉబికి రంగును వెనకనుంచి నెడుతుంది. ఈ తప్పుకు రంగు కంపెనీని తిట్టి, మరుసటేడు ఖరీదైన డబ్బా కొంటారు. అదీ ఊడుతుంది.

మరి ఎలా? కిరోసిన్ కడుగుడు అయ్యాక హాట్ ఎయిర్ గన్‌తో గోడను జానెడు జానెడుగా వెచ్చబెట్టు, చెయ్యి ఆనించలేనంత వేడి వస్తే చాలు. నల్లటి నూనె చెమటలా బయటికొస్తుంది. తుడువు. చల్లారనివ్వు. బాగా చల్లారాకే, అంటే అరచేయి హాయిగా ఆనాకే, తెల్లగుడ్డకి ఎపాక్సీ థిన్నర్ తడిపి తుడువు. వేడి ఇనుము మీద థిన్నర్ వేశావా, భగ్గుమంటుంది. గన్ను ప్లగ్గు పీకకుండా థిన్నర్ మూత తీయకు. మళ్లీ వెచ్చబెట్టు, మళ్లీ తుడువు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. మూలల్లో రెండు మూడు రోజులు పట్టొచ్చు. గ్యాస్ కట్టర్ మంట చూపకు, పోత ఇనుము పగులుతుంది. చివరగా ఒక నీటిచుక్క వేసి చూడు. పరుచుకుంటే ఇనుము సిద్ధం. పూసలా నిలబడితే నూనె ఇంకా ఉంది. చూసిన వెంటనే ఆ తడి తుడిచి ఆరబెట్టు, లేకపోతే గంటలో తుప్పు.

థిన్నర్ పని షట్టర్ మూసి చేస్తావేమోనని నా బెంగ. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పారుతుంది. పక్క షెడ్డులో గ్రైండర్ నిప్పురవ్వ చాలు. షట్టర్ పూర్తిగా ఎత్తు, ఫ్యాను దూరంగా పెట్టు, హెడ్ స్టాక్‌లోకి తల దూర్చి పీల్చకు. ఆవిరి ఆపే కార్బన్ మాస్కు కొనుక్కో, గుడ్డ కట్టుకుంటే చాలదు.

రంగు విషయానికొస్తే రంగు, హార్డెనర్ రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ మేలు. మోటార్ వైండింగ్ షాపుల్లో దొరికే ఎర్ర ఇన్సులేటింగ్ ఎనామిల్ కూడా నూనెకు నిలబడుతుంది. అల్యూమినియం పెయింట్ వద్దు. పుట్టీ ఒక్క చెంచా కూడా లోపల పెట్టకు, గరుకు గరుకుగానే ఉండనీ. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలుపు, త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోయకు. బ్రష్‌తో పల్చగా రెండు కోట్లు. కారి గడ్డకట్టిన చోటే రేపు పెచ్చు లేస్తుంది. ముసురుపట్టిన రోజున మొదలెట్టకు.

రంగు పడకూడని చోట్లే ముఖ్యం: షాఫ్టు బోర్లు, మూత ఆనే అంచు, డోవెల్ పిన్నుల బెజ్జాలు, మర బెజ్జాలు, నూనె తొట్లు, వాటి బెజ్జాలు. ప్రతి బెజ్జానికీ ఒక చెక్క బిరడా చెక్కి, దానికి జానెడు ఎర్ర నైలాన్ దారం కట్టి బయటికి వేలాడదీయి. ఎన్ని పెట్టావో గోడ మీద సుద్దతో రాయి, తీసేటప్పుడు లెక్క చూడు. ఒకటి తగ్గితే దొరికేదాకా మూత పెట్టకు.

వేశాక కనీసం 7 రోజులు ఆరాలి. వేలికి అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. ఆయుధపూజ నాటికి కాకపోతే మూత తీసి ఉన్న మిషన్‌కే పూజ చేసుకో, అమ్మవారేమీ అనుకోదు.

బిగించేటప్పుడు ఆయిల్ సీళ్లు, డ్రెయిన్ ప్లగ్గు రాగి వాషరు కొత్తవి వెయ్యి. మూతకి సిలికాన్ దట్టించకు, లోపలికి పిండుకొచ్చిన తీగ తెగి పడితే మళ్లీ అదే కథ. కాగితం ప్యాకింగ్ చాలు. స్పిండిల్ ముందు కవర్ విప్పాల్సి వస్తే, దాని కింది ప్యాకింగ్ మందం మైక్రోమీటర్‌తో కొలిచి, సరిగ్గా అంతే మందం కొత్తది కత్తిరించు. కొన్ని మిషన్లలో బేరింగ్ బిగువు ఆ కాగితం మందం మీదే ఆధారపడుతుంది. పదోవంతు మిల్లీమీటరు తగ్గినా బేరింగ్ కాలిపోవచ్చు.

బేరింగుల కవర్లు, ఆ పాత గ్రీజు తీసేశాక, 32 నంబరు పల్చటి నూనె పోసి ముందు చక్‌ని చేత్తో తిప్పు, తర్వాత అతి తక్కువ స్పీడులో 10 నిమిషాలు నడిపి దింపెయ్. గుడ్డలో వడకట్టి చూడు. ఏమీ రాకపోతే మిషన్ ప్లేటు మీద రాసిన నూనె పోసెయ్. ప్లేటు లేకపోతే వీజీ 68, సర్వో సిస్టమ్ 68 లాంటిది, గేజ్ మధ్య గీత దాకా. లారీలకు పోసే 90 నంబరు గేర్ ఆయిల్ పోయమని ఎవరైనా చెబుతారు, వినకు. అది చిక్కన, తొట్టిదాకా చిమ్మదు. మూత పైనుంచి పెట్టే ముందు తొట్టి బెజ్జంలో నూనె డబ్బాతో నాలుగు చుక్కలు వేసి, కిందికి దిగుతున్నాయో లేదో కళ్లారా చూడు. గంటసేపు మధ్య స్పీడులో నడిపాక ముందు బేరింగ్ దగ్గర చెయ్యి ఆనించి చూడు. ఆనించలేకపోతే ఆపెయ్.

పుట్టీ ఇప్పటికే కొనేసి ఉంటే బయట బాడీకి వాడుకో, డబ్బు దండగ చేయకు. మీ ఆవిడకీ, చంటిదానికీ ఆశీస్సులు. మూత తీశాక లోపలి గోడలు, ఆ తొట్టి కనబడేలా ఫోటో తీసి పంపు. రంగు వేయాలో వద్దో చూసి చెప్తాను. అప్పటిదాకా రంగు డబ్బా తెరవకు.

మీ పెదనాన్న